లారీకిని విమానమునకును పందెము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరుగు విమాన ప్రదర్శనలకు కుటుంబములు పిల్లాపాపలతో తరలిపోవుచుండును. అచ్చటి వినోదములలో నొకటి, నేలపై లారీయు, దానికి కొంచె మెత్తున పాత యుద్ధవిమానమును పందెము పరుగెత్తుట. లారీ యేమి, విమానముతో పందె మేమి యని సోదరీమణులు నవ్వవచ్చును.

“షాక్‌వేవ్” అను లారీకి మూడు జెట్ యంత్రము లమర్చిరి. అవి నౌకాదళపు శిక్షణ విమానములలో వాడిన జాతివి. మూడింటి శక్తియు గలసి 36,000 అశ్వబలమని చెప్పుదురు. మామూలు లారీలో యంత్రము చక్రములను త్రిప్పును. ఇందు చక్రములు దొర్లుటకు మాత్రమే. వెనుకకు వెడలు వేడిగాలియే బండిని ముందునకు త్రోయును. గంటకు 300 మైళ్లు మించిన వేగము నాపుటకు వెనుక పారాషూట్లు విప్పవలెను.

2022 జూలై 2వ తేదీన మిషిగన్ రాష్ట్రమందలి బ్యాటిల్ క్రీక్‌లో రెండు విమానములతో పందెము సాగుచుండగా ఈ లారీ ప్రమాదమునకు లోనయ్యెను. దానిని నడుపుచుండిన క్రిస్ డార్నెల్ మరణించెను. ఆయన వయస్సు 40 ఏండ్లు. తండ్రి నీల్ డార్నెల్ గూడ ఆ బృందమువాడే. లారీ యంత్రలోపమే కారణమనియు, కొడుకున కీ వృత్తి మిక్కిలి ప్రియమనియు ఆ తండ్రియే లోకమునకు తెలుపవలసి వచ్చెను.

వేగమును జూచి ముచ్చటపడుట సహజమే. చప్పట్లు చరచిన చేతులు పిల్లల నెత్తుకొని యిల్లు చేరును. ఒక యింటివా రెదురుచూచిన మనిషి మాత్రము మరలి రాడు. ఆ యింటిని గూడ మన మొక్కసారి తలంపవలదా?