మోకాలు ఎందుకు తొందరపడదు?

హైదరాబాద్‌లో గోల్నాకలోనో తార్నాకలోనో ఎవరికైనా మోకాలి ఆపరేషన్ అయిందంటే, చూడ్డానికి వచ్చినవాళ్లు పళ్ల సంచీ కింద పెట్టకముందే అడిగే మాట ఒకటుంది: "ఏందక్కా, ఇంకా కర్ర ఇడ్వలేదా?" దాని వెనకే ఇంకోటి: "మా వదినె అయితే పదిహేను దినాలకే మార్కెట్‌కు పోయింది." ఆపరేషన్ అయిన మనిషిని కుట్ల నొప్పికన్నా ఈ పోలికే ఎక్కువ బాధపెడుతుంది. ఆపరేషన్ గంటో రెండు గంటల్లోనో అయిపోయింది, కుట్లూ తీసేశారు. మరి నడక కుదురుకోవడానికి నెలలెందుకు పట్టాలి? ఆ నెలల్లో ఏం చేయాలి? ఒక్కో ప్రశ్నే తీసుకుందాం.

కుట్లు మానాయి కదా, కాలు ఇంకా ఎందుకు స్వాధీనంలోకి రాదు?

పైన చర్మం మానే వేగం వేరు, లోపల కీలు మానే వేగం వేరు. చర్మం దాదాపు రెండు వారాల్లో అతుక్కుంటుంది. దాని కింద కోసిన పొరలు గట్టిపడటానికి వారాలు కావాలి. కొత్తగా పుట్టిన కణజాలం మన ఒంటి బరువుకూ కదలికకూ తగ్గట్టు సర్దుకోవడం ఏడాది దాకా సాగుతూనే ఉంటుంది.

ఏ ఆపరేషన్ జరిగిందన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. మోకాలి లోపల మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగితే, సన్నని గొట్టం కెమెరాతో ఆ చిరిగిన ముక్కను మాత్రం తీసేసిన సందర్భాల్లో చాలామంది కొన్ని వారాల్లోనే పనుల్లో పడతారు. అదే మెనిస్కస్‌ను కుట్టి అతికిస్తే ఇంకా ఎక్కువ కాలం జాగ్రత్త పడాలి. తెగిన లిగమెంట్ స్థానంలో కొత్తది అమరిస్తే లెక్క నెలల్లోకి వెళ్తుంది. కాబట్టి పక్కింటి వదినెకు ఏ ఆపరేషన్ జరిగిందో తెలియకుండా ఆమె పదిహేను రోజులను మన మీద మోపుకోవడం దండగ.

గుజ్జు పూర్తిగా అరిగిపోయినవాళ్లకు చేసే మోకీలు మార్పిడిలో తొడ ఎముక కొసకు లోహపు తొడుగు, కింది ఎముక పైభాగాన లోహపు పలక, రెంటి మధ్య గట్టి ప్లాస్టిక్ బిళ్ల అమరుస్తారు. లోహానికి మానాల్సిన గాయం లేదు. గాయమంతా చుట్టూ ఉన్న కండరానిది, కీలును కప్పిన పొరది. అందుకే ఎక్స్‌రే చూసి డాక్టరు "బ్రహ్మాండంగా ఉంది" అన్న రోజే మనిషి కుంటుతూ ఇంటికి వస్తాడు. రెండూ నిజమే. ఎక్స్‌రేలో కనబడేది అమరిక. తొడ బలం ఎక్స్‌రేలో కనబడదు.

తొడ అంత తొందరగా ఎందుకు చిక్కిపోతుంది?

దీని వెనక ఒక విచిత్రం ఉంది. మోకాలిలో నీరు చేరితే, అక్కడి నరాలు వెన్నుపాముకు కబురు పంపి తొడ ముందు కండరాన్ని అణచిపెడతాయి. కీలు దెబ్బతిన్నప్పుడు దాన్ని కాపాడుకోవడానికి శరీరం వేసే అడ్డుకట్ట ఇది. ఆరోగ్యంగా ఉన్న మోకాలిలోకి ఉప్పునీటి ద్రావణం ఎక్కించి చూసిన ప్రయోగాల్లో 20–30 మిల్లీలీటర్లకే, అంటే రెండు పెద్ద చెంచాల నీళ్లకే, తొడ లోపలి వైపు కండరం పని మందగించింది. ఆపరేషన్ అయిన మోకాలి వాపు అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

అందుకే మోకీలు మార్పిడి జరిగిన మొదటి నెలలో తొడ ముందు కండరం బలం సగానికి సగం, కొందరిలో అంతకన్నా ఎక్కువే పడిపోతుంది. "కాలు ఎత్తాలని మనసులో ఉంది, ఎత్తుదామంటే లేవడం లేదు" అని రోగి అంటే అది బద్ధకమూ కాదు, భయమూ కాదు. నరం ఇచ్చే ఆజ్ఞే సగం దారిలో ఆగిపోతోంది. కాబట్టి వాపు తగ్గించడం వ్యాయామంలో మొదటి పాఠం. పడుకుని కాలును గుండెకన్నా ఎత్తులో పెట్టాలి. తువ్వాలులో చుట్టిన ఐసు 15–20 నిమిషాలు ఉంచాలి. పాదాన్ని ముందుకూ వెనక్కూ ఆడిస్తూ ఉండాలి. దీనితోపాటు మోకాలిని మంచానికి అదిమి తొడను బిగించి, ఐదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. చూసేవాళ్లకు ఇదేం వ్యాయామం అనిపిస్తుంది గానీ, ఆగిపోయిన ఆజ్ఞను మళ్లీ కండరందాకా చేర్చేది ఇదే.

ముందు ఏది రావాలి, కాలు మడవడమా, చాపడమా?

అందరూ "ఎంత మడుస్తున్నావు?" అనే అడుగుతారు. అంతకన్నా ముందు చూడాల్సింది కాలు పూర్తిగా తిన్నగా చాచగలుగుతున్నామా అని. పది పదిహేను డిగ్రీల వంపు మిగిలిపోయినా నిలబడ్డంతసేపూ తొడ కండరం పని చేస్తూనే ఉండాలి. ఆ కాలు పొట్టి అయినట్టు నడక కుంటుపడుతుంది, నడుమూ నొప్పెడుతుంది.

ఇక్కడే ఇంట్లోవాళ్లు ప్రేమతో చేసే పొరపాటు ఒకటి ఉంది. మోకాలి కింద దిండు పెడితే హాయిగా ఉంటుంది. గంటలకొద్దీ అలాగే ఉంచితే మోకాలు ఆ వంపులోనే బిగుసుకుపోతుంది. దిండు బదులు, చుట్టిన తువ్వాలును మడమ కింద పెట్టి మోకాలిని దాని బరువుకే కిందికి జారనివ్వాలి. కొద్ది నిమిషాలు చాలు, రోజులో నాలుగైదుసార్లు.

మడత సంగతికి వస్తే, చదును నేల మీద నడవడానికి దాదాపు 60–70 డిగ్రీలు చాలు. మెట్లకూ, మామూలు కుర్చీలోంచి లేవడానికీ 90కి అటూ ఇటూ కావాలి. బాసింపట్టు వేసుకుని కింద కూర్చోవాలంటే 110కి పైనే. మనవాళ్ల కోరికలన్నీ ఈ చివరి మెట్టు మీదే ఉంటాయి. పూజ దగ్గర పీట, పంక్తి భోజనం, పాత ఇళ్లలో నేల మరుగుదొడ్డి. మోకీలు మార్పిడి అయినవాళ్లను కింద కూర్చోవద్దని చాలామంది సర్జన్లు చెబుతారు. ఆ మాట నచ్చకపోయినా, ఇంట్లో ఒక ఎత్తు కుర్చీ, బాత్రూములో కమోడ్, పట్టుకోవడానికి గోడకు ఒక కడ్డీ ఆపరేషన్‌కు ముందే అమర్చుకోవడం తెలివైన పని.

రోజుకు ఎంత నడవాలి?

గడియారాన్ని కాదు, మర్నాటి ఉదయాన్ని అడగాలి. నడిచిన సాయంత్రం కొంచెం నొప్పి ఉండటం సహజం. తెల్లారి లేచేసరికి నొప్పీ వాపూ నిన్నటి స్థాయికే వచ్చి ఉంటే అదే మోతాదు కొనసాగించవచ్చు, కొంచెం పెంచవచ్చు. వాపు పెరిగి, మడత తగ్గి ఉంటే నిన్న అతి చేసినట్టే. ఆ రోజు నడకను సగానికి తగ్గించాలి, పడుకుని చేసే వ్యాయామాలు మాత్రం వదలకూడదు. పూర్తిగా మానేసి మంచాన పడటం, కసి కొద్దీ రెట్టింపు నడవడం, రెండూ నష్టమే. ఒకేసారి అరగంట నడవడం కన్నా ఐదేసి నిమిషాల చొప్పున ఆరుసార్లు నడవడం కొత్త మోకాలికి తేలిక.

ఎక్కడ నడవాలన్నదీ ముఖ్యమే. మొదటి వారాలకు ఇంటి వరండా చాలు. ఆ తర్వాత గోల్నాక, అంబర్‌పేట సందుల్లో కన్నా ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో చెట్ల కింద రోడ్లు మేలు. సందుల్లో స్పీడు బ్రేకర్లు, నీళ్ల గుంతలు, వెనక నుంచి హారన్ కొట్టే బైకులు. ఉలిక్కిపడి పక్కకు తిరిగినప్పుడే మోకాలు మెలిపడుతుంది. క్యాంపస్‌లోనూ అన్ని రోడ్లూ ఒకటి కావు. ఎత్తుపల్లాలున్న నేల అది. ముందు చదును రోడ్డు, కుంటు లేకుండా నడవగలిగాక చిన్న ఎత్తు. వాలు దిగడం ఎక్కడం కన్నా కష్టం, ఎందుకంటే ఒంటి బరువు ముందుకు జారకుండా తొడ కండరం పట్టి ఉంచాలి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు మెట్లు ఎంత ఆశపెట్టినా వాటి వంతు చివర్లోనే. ఇంకొక లెక్క మరిచిపోకూడదు: ఎంత దూరం వెళ్లామో అంత దూరం తిరిగి రావాలి.

కర్ర ఆపరేషన్ అయిన కాలికి ఎదుటి వైపు చేతిలో ఉండాలి. కుడి మోకాలైతే ఎడమ చేతిలో. కుడి కాలు నేల మీద ఉన్నప్పుడు ఎడమ చెయ్యి కొంత బరువు తీసుకుంటుంది, ఒళ్లు ఒక పక్కకు ఒరగదు. కర్ర లేకుండా కుంటుతూ నడవడం కన్నా కర్రతో తిన్నగా నడవడం మంచిది. కుంటు అలవాటైతే మోకాలు మానాక కూడా పోదు.

మెట్లు ఎలా ఎక్కాలి, ఎలా దిగాలి?

ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు. దిగేటప్పుడు ముందు కర్ర, ఆపరేషన్ కాలు. కారణం తేలిక. ఎక్కేటప్పుడు పై మెట్టు మీదున్న కాలే ఒంటిని పైకి లాగాలి. దిగేటప్పుడు పై మెట్టు మీద మిగిలిన కాలే వంగుతూ బరువునంతా ఆపాలి. రెండు కష్టాలూ మంచి కాలికే అప్పగించాలన్నమాట. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించాకే తర్వాతి మెట్టు. తార్నాక మెట్రో స్టేషన్ లాంటి చోట లిఫ్ట్ వాడుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. కదిలే మెట్ల మీద అడుగు వేయడానికి వేగమూ నిలకడా రెండూ కావాలి, దానికింకా సమయం ఉంది.

ఆటగాళ్లు అంత త్వరగా ఎలా లేస్తారు?

వాళ్లు లేచిన రోజే మనకు పేపర్లో కనబడుతుంది. హైదరాబాద్‌లోనే ఎదిగిన బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్‌కు 1994లో పుణెలో జాతీయ క్రీడల్లో డబుల్స్ ఆడుతుండగా మోకాలు దెబ్బతింది. జాతీయ సింగిల్స్ టైటిల్ 1996లో వచ్చింది. ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను ఓడించింది 2001 మార్చిలో. గాయానికీ ఆ కప్పుకూ మధ్య దాదాపు ఏడేళ్లు. సైనా నెహ్వాల్‌కు 2016 ఆగస్టులో, రియో ఒలింపిక్స్ అయిన వెంటనే మోకాలి శస్త్రచికిత్స జరిగింది. అదే ఏడాది నవంబరుకు కోర్టులోకి దిగింది, 2017 ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం గెలిచింది, కామన్వెల్త్ స్వర్ణం 2018 ఏప్రిల్‌లో వచ్చింది. రోజంతా వ్యాయామమే వృత్తిగా ఉన్నవాళ్లకు, పక్కన ఫిజియో ఉన్నవాళ్లకు పట్టిన కాలం ఇది.

కొత్త లిగమెంట్ విషయంలో తొందర మరీ ప్రమాదం. మన ఒంట్లోంచే తీసి అమర్చిన ఆ పోగు మొదట గట్టిగానే ఉంటుంది. తర్వాత శరీరం దాన్ని తనలో కలుపుకునే క్రమంలో కొన్ని వారాలపాటు బలహీనపడి, మళ్లీ నెమ్మదిగా బలపడుతుంది. నొప్పి తగ్గి "ఇక బాగైపోయింది" అనిపించే కాలమూ, అది బలహీనంగా ఉండే కాలమూ దాదాపు ఒకటే. స్లాబు పైకి గట్టిగా కనబడుతోందని సెంట్రింగ్ ముందే తీసేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, తొమ్మిది నెలల వరకు ఆటకు తిరిగి వెళ్లడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు 51 శాతం చొప్పున తగ్గింది. క్యాంపస్ గ్రౌండులో క్రికెట్ ఆడే కుర్రాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇది.

పప్పు తింటే చీము పడుతుందా?

పడదు. చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది, కందిపప్పు వల్ల కాదు. పప్పు వద్దు, గుడ్డు వద్దు, వంకాయ వద్దు అంటూ పథ్యం పేరుతో చారన్నం మీద ఉంచితే, చిక్కిపోయిన తొడకు కండ పట్టే దారే మూసుకుపోతుంది. తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. గాయం మానుతున్న శరీరానికి అంతకన్నా కొంచెం ఎక్కువే అవసరం. పప్పు, గుడ్డు, పెరుగు, సెనగలు, చేపలు, ఇంట్లో తినే అలవాటున్నవి ఏవైనా మూడు పూటలా కొద్దికొద్దిగా పడాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే పెంచాలి. షుగర్ ఉన్నవాళ్లకు అది అదుపులో ఉంటేనే గాయం మానుతుంది.

దేన్ని ఓర్చుకోవాలి, దేన్ని ఓర్చుకోకూడదు?

మోకీలు మార్పిడి తర్వాత నెలల తరబడి కొంత వాపు, కొంత వేడి ఉండటం మామూలే. కోత పక్కన బయటి వైపు చర్మం మొద్దుబారడమూ అంతే. అక్కడి సన్నని నరం కోతలో తెగుతుంది. నడుస్తుంటే లోపల టిక్కుమనడం లోహం, ప్లాస్టిక్ తగిలిన చప్పుడు. రాత్రిళ్లు నిద్ర చెడటం కూడా కొన్ని వారాలు ఉంటుంది.

పిక్క ఒక్కసారిగా వాచి, నొక్కితే నొప్పిగా ఉంటే మాత్రం అది రక్తం గడ్డ కావచ్చు. పిక్క పట్టేసిందని నూనె రాసి పిసకకూడదు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, గాయం నుంచి చీము లేదా ఆగకుండా నీరు కారడం, రోజురోజుకూ పెరిగే ఎరుపు, పడిపోయాక కాలు మోపలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆరు వారాలైనా మోకాలు 90 డిగ్రీలు మడవకపోతే, "అదే వస్తుందిలే" అని కూర్చోకుండా సర్జన్‌కు చెప్పాలి. ఆలస్యమయ్యేకొద్దీ బిగువు వదిలించడం కష్టమవుతుంది.

ఇంత కష్టపడితే ఫలితం ఎన్నాళ్లు?

ప్రధానిగా ఉన్న వాజ్‌పేయికి ముంబైలో ఒక మోకాలు 2000 అక్టోబరులో, రెండోది 2001 జూన్‌లో మార్చారు. ఆ ఆపరేషన్లు చేసిన చిత్తరంజన్ రణావత్ 1970ల్లో న్యూయార్క్‌లో ఆధునిక మోకీలును రూపొందించిన బృందంలోని వైద్యుడు. అంతటి సర్జన్, అంతటి రోగి అయినా రెండో మోకాలికి ఎనిమిది నెలలు ఆగారు. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం మార్చిన మోకీళ్లలో దాదాపు 82 శాతం 25 ఏళ్ల తర్వాత కూడా పనిచేస్తూనే ఉన్నాయి. పాతికేళ్లు నిలిచే కీలుకు ఆరు నెలల నుంచి ఏడాది ఓర్పు పెద్ద ధర కాదు.

చాలా ఇళ్లలో ఉన్న డబ్బంతా ఆపరేషన్‌కే అయిపోయి ఫిజియోథెరపీ రెండు వారాలకే ఆగిపోతుంది. ఖర్చు లెక్క వేసుకునేటప్పుడే కనీసం మూడు నెలల ఫిజియోథెరపీని అందులో కలుపుకోండి. ఇంటికి పిలిపించుకునే స్తోమత లేకపోతే వ్యాయామాలన్నీ ఒకసారి సరిగ్గా నేర్చుకుని, పదిహేను రోజులకోసారి చూపించుకుంటూ ఇంట్లోనే చేయండి. నొప్పి తగ్గిందని మాత్రం ఆపకండి.