పాత రంగు తీసే ఇసుకతో ఊపిరితిత్తులకు ముప్పు



జూబ్లీ హిల్స్‌లో ఏ వీధిలో చూసినా ఏదో ఒక ఇంటికి రంగులు వేస్తూనే ఉంటారు. ఫిల్మ్ నగర్‌లో సెట్టు మారితే పాత వస్తువులకు కొత్త రంగు పడుతుంది. ఇనుప గేటైనా, కిటికీ గ్రిల్ అయినా, షూటింగుకు తెచ్చిన అల్యూమినియం పడవైనా కొత్త రంగు నిలవాలంటే పాత రంగు పోవాలి. చేత్తో గీకితే రోజులు పట్టే ఈ పనిని కంప్రెసర్ గాలితో ఇసుక చిమ్మి కొన్ని గంటల్లో ముగిస్తారు. దీనిని శాండ్ బ్లాస్టింగ్ అంటారు. పని త్వరగా అవుతుంది, నిజమే. అయితే పగిలిన ఇసుక, ఊడిన రంగు ఎక్కడికి పోతాయి? ఈ పని చేసేవారూ, చేయించేవారూ ఈ సంగతి తెలుసుకోవాలి.

ఇసుక దుమ్ము ఏమి చేస్తుంది?

ఇసుకలో చాలా భాగం సిలికా. మన కొండల గ్రానైటు రాయిలోనూ ఇది ఉంటుంది కనుక రాతిపొడి వాడినా అపాయమే. వేగంగా వెళ్లి లోహాన్ని తాకినప్పుడు ఇసుక రేణువు పగిలి, కంటికి కనిపించనంత సన్నని పొడి అవుతుంది. ముక్కు, గొంతు ఆ పొడిని ఆపలేవు. అది ఊపిరితిత్తుల చివరి గాలి తిత్తుల దాకా చేరి అక్కడే నిలిచిపోతుంది. దాని చుట్టూ మచ్చలు కట్టి ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఈ జబ్బే సిలికోసిస్. సాధారణంగా పదేళ్లు, ఆపైన బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే కొన్ని నెలల్లోనే రావచ్చు. దీనిని పూర్తిగా నయం చేసే మందు లేదు. ఈ జబ్బు ఉన్నవారికి క్షయ సులభంగా సోకుతుంది. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, పనిచోట్ల పీల్చే సిలికా దుమ్మును క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను అధికారులకు తప్పక తెలియజేయవలసిన వృత్తి రోగాలలో చేర్చింది.

పాత రంగులో ఏముంటుంది?

ఇళ్లకు వాడే రంగులలో సీసం 90 పి.పి.ఎం. మించరాదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులలో సీసం ఎక్కువగా ఉండవచ్చు. అల్యూమినియం మీద పాత రోజుల్లో వేసిన పసుపుపచ్చని ప్రైమరులో క్రోమేటు ఉండేది. అది కూడా క్యాన్సర్ కారకమే.

సీసం దుమ్ము బట్టలకు, జుట్టుకు అంటుకొని ఇంటికి వస్తుంది. ఒకే గదిలో వండుకొని, పడుకొనే ఇంట్లో అది నేల మీద, చాప మీద పడుతుంది. పాకే బిడ్డ చేతులు నోట్లో పెట్టుకుంటుంది. పెద్దల శరీరం కంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని పీల్చుకుంటుంది. దానివల్ల రక్తహీనత, చదువులో వెనుకబాటు, ఎదుగుదల లోపం కలుగుతాయి. గర్భిణులకూ ఇది హానికరం.

పాటించవలసిన జాగ్రత్తలు

1. ఇసుక, రాతిపొడి వాడవద్దు. మన శ్రీకాకుళం తీరపు ఇసుకలో దొరికే గార్నెట్ వంటి ఖనిజాన్ని వేరుచేసి బ్లాస్టింగుకు అమ్ముతారు. అల్యూమినియం మెత్తని లోహం కనుక తక్కువ ఒత్తిడితో కొట్టాలి. ఏది వాడినా పాత రంగు దుమ్ము లేస్తుందని మరువవద్దు.

2. ముఖానికి కట్టిన రుమాలు ఈ దుమ్మును ఆపదు. బ్లాస్టింగ్ చేసేవారికి శుభ్రమైన గాలి అందించే ముసుగు టోపీ అవసరం. ఆ గాలి తీసుకునే చోట ఇంజను పొగ ఉండరాదు.

3. చిన్న పని అయితే తడిపి గీకండి. ఎన్-95 మాస్కు ధరించండి. పొడిగా ఊడ్వవద్దు, తడిగుడ్డతో తుడవండి.

4. అల్యూమినియం మీద కాస్టిక్ సోడా వాడవద్దు. అది లోహాన్ని తినివేసి, మండే వాయువును పుట్టిస్తుంది. సన్నని అల్యూమినియం పొడి కూడా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. దగ్గరలో బీడీ, సిగరెట్ కాల్చరాదు.

5. పని ముగిశాక స్నానం చేసి, బట్టలు మార్చుకొని ఇంటికి వెళ్లండి. పని బట్టలు విడిగా ఉతకండి. చేతులు కడగకుండా తినవద్దు.

ఇంటి యజమానులకు ఒక మాట: పని మాట్లాడుకొనేటప్పుడే ముసుగు, పరదాల ఖర్చు కలిపి మాట్లాడండి. పని జరిగే చోటికి పిల్లలను రానీయకండి.

వైద్యుని ఎప్పుడు కలవాలి?

రెండు వారాలకు మించి దగ్గు, మెట్లు ఎక్కితే ఆయాసం, బరువు తగ్గడం, సాయంత్రం జ్వరం ఉంటే ఆలస్యం చేయవద్దు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకోవచ్చు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారు సనత్‌నగర్ ఇ.ఎస్.ఐ. ఆసుపత్రికి వెళ్లవచ్చు. ఎక్స్‌రేలో సిలికోసిస్, క్షయ ఒకదానినొకటి పోలి కనిపిస్తాయి. అందుచేత మీరు ఏ పని చేస్తారో, ఎన్నేళ్లుగా చేస్తున్నారో వైద్యుడు అడగకపోయినా మీరే చెప్పండి. సరైన చికిత్సకు ఆ ఒక్క మాటే దారి చూపవచ్చు.