దొరికిన గన్ ఇంటికి ఎలా వస్తుంది?

మీ తాతగారి లైసెన్స్ గన్ ఎవరో ఎత్తుకెళ్లారు, కొన్నాళ్లకి పోలీసులు పట్టుకున్నారు అనుకుందాం. స్టేషన్‌కి వెళ్లి "మాదే సార్" అంటే ఇచ్చేస్తారా? ఇవ్వరండి. అదిప్పుడు కేసులో సాక్ష్యం. ఇవ్వమని చెప్పాల్సింది కోర్టు.

గన్‌ని ఇంకా కోర్టులో పెట్టకపోతే బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 503 కింద మేజిస్ట్రేట్ ముందు పిటిషన్ వేయాలి. పాత సీఆర్‌పీసీలో ఇదే 457. ఎఫ్ఐఆర్ కాపీ, లైసెన్స్, కొన్న బిల్లు జత చేయండి. లైసెన్స్‌లో ఉన్న నంబరు, గన్ మీద నంబరు ఒకటే అయ్యుండాలి.

మరి కేసు తేలేదాకా ఆగాలా? అక్కర్లేదు. సీజ్ చేసిన వస్తువుల్ని స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచొద్దని సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫొటోలు తీసి, పంచనామా రాసి, బాండ్ తీసుకుని ఇవ్వొచ్చు. గన్‌ని ల్యాబ్ టెస్ట్‌కి పంపితే మాత్రం లేటవుతుంది.

అసలు మెలిక ఇక్కడుంది. బైక్‌కి, ఫోన్‌కి ఓనర్ అని చూపిస్తే చాలు. గన్‌కి చాలదు, లైసెన్స్ కూడా బతికుండాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా గన్ దగ్గరుంచుకోవడమే నేరం. 2019 సవరణ తర్వాత లైసెన్స్ గడువు 5 ఏళ్లు. అందుకే "గన్ పోలీసుల దగ్గరుంది కదా, రెన్యువల్ ఎందుకు" అనుకోవద్దు. తాతగారి లైసెన్స్‌తో మనవడు తెచ్చుకోవడం కూడా కుదరదు. ఈరోజే ఆ లైసెన్స్ మీద తేదీ చూడండి!