పగడములకు వెలుగు: మెటల్ హేలైడ్ దీపమా, ఎల్.ఇ.డి. దీపమా?

నవరత్నములలో పగడ మొకటి. కుజదోషము తొలగునని దానిని ఉంగరమున పొదిగించి ధరించువారు మనలో ననేకులు గలరు. కాని పగడము రాయి కాదనియు, సముద్రమున నివసించు చిన్న ప్రాణులు కట్టుకొన్న గూడనియు ఎరిగినవారు కొలదిమందియే. పగడములలో రెండు తెగల భేదము నిచ్చట ముందుగా గ్రహింపవలెను. ఉంగరములోని ఎర్ర పగడము ముఖ్యముగా మధ్యధరా సముద్రమున, వెలుగు మందగించిన లోతులందును గుహల నీడలందును పెరుగునది. దానికి సూర్యకాంతితో పనిలేదు. పగడపు దిబ్బలను కట్టు పగడములు మాత్రము వెలుగు లేనిచో మనజాలవు. ఈ రెండవ తెగను గాజుతొట్టిలో పెంచువారికి నీటి తరువాత పెద్ద ప్రశ్న దీపమే.

నేడు పిల్లలు సెల్‌ఫోను తెరపై రంగురంగుల పగడపు తొట్లను చూచి, "మన యింటను ఇట్టిది పెట్టుకొనరాదా?" అని తల్లిదండ్రులను అడుగుచున్నారు. కంబైనల్లూరు వంటి మెట్టసీమలో, సముద్రమునకు దూరముగా నుండు మనకు ఈ విషయముతో నేమి పని యని కొందరు శంకింపవచ్చును. అడిగిన బిడ్డకు "వద్దు" అని చెప్పి యూరకుండుటకంటె, "ఎందుచేత" అని వివరించుట మేలు. అంతియేకాక, క్రొత్తగా వచ్చిన వస్తువు పాతదానికంటె ఎల్లవేళల మెరుగని తలచు మన యలవాటును ఈ రెండు దీపముల కథ కొంత సరిదిద్దగలదు.

పగడమునకు వెలుగేల?

పగడము జంతువే గాని చెట్టు కాదు. అయితే దాని కండలో ఏకకణపు నాచు నివసించును. ఈ నాచు వెలుగును గ్రహించి, చెట్టు ఆకువలెనే ఆహారము తయారుచేయును; అందులో అధికభాగమును తనకు చోటిచ్చిన పగడమున కిచ్చివేయును. పగడమునకు కావలసిన శక్తిలో పదింట తొమ్మిది పాళ్ళవరకును ఇట్లు లభింపగలదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున పగడమునకు వెలుగు అలంకారము కాదు, అన్నము.

ఈ కారణముచేతనే పగడపు దిబ్బలు తేటనీటిలో మాత్రమే వర్ధిల్లును. గోదావరీ కృష్ణానదులు తెచ్చి కలుపు ఒండ్రుమట్టియు మంచినీరును కలిసిన ఆంధ్రతీరమున చెప్పుకోదగిన పగడపు దిబ్బలు ఏర్పడలేదు. మన తమిళనాడులో రామేశ్వరము మొదలు తూత్తుకుడి వరకు గల మన్నారు సింధుశాఖలో 21 దీవుల చుట్టును అవి యున్నవి. ఆ ప్రాంతమును 1986లో సముద్ర జాతీయ వనముగా ప్రకటించిరి. పూర్వము సున్నము మున్నగువాటికై పగడపు రాళ్ళను విచ్చలవిడిగా త్రవ్వుటచే ఆ దీవులలో రెండు నీట మునిగినవి.

వెలుగుతోపాటు వేడిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. నీటి వేడి హద్దు మీరినప్పుడు, అందులోను తీక్షణమైన వెలుగు తోడైనప్పుడు, పగడమునకును నాచునకును గల పొత్తు చెడును. పగడము నాచును వెలిగ్రక్కి తెల్లబడును. ఆ స్థితి కొంతకాలము సాగినచో ఆకలితో మరణించును. మన్నారు సింధుశాఖలో 2010, 2016 సంవత్సరములందు ఇట్టి విపత్తులు సంభవించినవి. వెలుగు కావలెను, వేడి కూడదు: దీపము నెన్నుకొనుటలోని చిక్కంతయు ఈ రెండు ముక్కలలోనే యున్నది.

కంటికి వెలుగు వేఱు, పగడమునకు వెలుగు వేఱు

సూర్యకాంతిలోని రంగులలో ఎరుపును నీరు ముందుగా హరించును. పది మీటర్ల లోతునకు పోవునప్పటికి ఎరుపు దాదాపు మాయమగును. నీలము మాత్రము చాల లోతువరకు చొచ్చును. అందుచే పగడములోని నాచు నీలకాంతిని చక్కగా వినియోగించుకొనునట్లు అలవడినది. మన కన్ను అట్లు కాదు. అది పసుపు, ఆకుపచ్చ కాంతులను ఎక్కువగా గ్రహించి, నీలమును మందముగా చూచును. కాబట్టి కంటికి మిరుమిట్లు గొలుపు దీపము పగడమునకు చాలకపోవచ్చును. కంటికి మసకగా తోచు నీలిదీపము దానికి పుష్కలము కావచ్చును. ఈ లెక్కను కన్నుతో గాక, నాచునకు పనికివచ్చు కాంతిని మాత్రమే కొలుచు పరికరముతో చూడవలెను.

మెటల్ హేలైడ్ దీపము

ఇది మనకు క్రొత్తది కాదు. ఆటమైదానముల ఎత్తైన స్తంభములపై తెల్లగా వెలుగు పెద్ద దీపములు చాలకాలము ఈ జాతివే. దీనిలో స్ఫటికపు గొట్టము నందు పాదరసమును, కొన్ని లోహముల అయొడైడులు మొదలగు లవణములును ఉండును. విద్యుత్తు ఆ గొట్టములో ఒక కాంతిచాపము నేర్పరచును. ఆ వేడికి లవణములు ఆవిరియై, ఒక్కొక్క లోహము తన రంగు కాంతిని వెదజల్లును. అన్నియు కలిసి తెల్లని వెలుగగును. అమెరికాలో స్టైన్‌మెట్జ్ అను శాస్త్రజ్ఞుడు 1912లోనే ఈ మార్గమునకు పేటెంటు పొందినను, వాడుకకు తగిన దీపము 1960 తరువాత జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రైలింగ్ చేసిన కృషివలన వచ్చినది. పిమ్మట జర్మనీలోని బెర్లిన్ నగరపు అక్వేరియము ఔత్సాహికులు ఈ దీపములను వాడి, గట్టి పగడములను ఇండ్లలో పెంచవచ్చునని నిరూపించిరి.

నేటికిని కొందరు అనుభవజ్ఞులు ఎల్.ఇ.డి.ని కాదని దీనినే కోరుటకు మూడు కారణములు గలవు. మొదటిది, వెలుగు పరచుకొను తీరు. ఒక్క కాంతిచాపము నుండి వెలువడిన వెలుగు పైనున్న వెడల్పైన అద్దపు రేకుపై బడి, పలుకోణములనుండి తొట్టిలోనికి దిగును. కొమ్మలు కొమ్మలుగా పెరుగు పగడమునకు ఇది ముఖ్యము. పైకొమ్మ క్రిందికొమ్మకు గట్టినీడ వేసినచో క్రిందిది క్రమముగా చచ్చును. వెలుగు పలుదిక్కులనుండి వచ్చినచో ప్రక్కలు సైతము బ్రతుకును. రెండవది, రంగుల విరివి. ఊదా మొదలు ఎరుపు వరకు అన్ని రంగులును ఎక్కువతక్కువలుగా ఇందులో నుండును. పెంచువాడు వాటి పాళ్ళను సరిచేయ నక్కరలేదు. మూడవది, లోతునకు దిగు బలము. 250 లేక 400 వాట్ల దీపము రెండడుగుల లోతైన తొట్టి అడుగునకును తగిన కాంతిని చేర్చగలదు. సముద్రముపై ఎండపడినట్లు ఇసుకపై అలల వెలుగురేఖలు ఆడుటయు దీని అందమే.

ఎల్.ఇ.డి. దీపము

నీలకాంతినిచ్చు ప్రకాశవంతమైన ఎల్.ఇ.డి.ని 1993లో జపానునందు నకమురా వెలువరించెను. అకసాకి, అమానోలతో కలిసి ఆయనకు 2014లో నోబెల్ బహుమతి లభించినది. పగడమునకు కావలసినది నీలమే గనుక ఈ దీపము పగడపు తొట్లకు సహజముగనే తగినది. దీనికి విద్యుత్తు తక్కువ చాలును, ఆయుర్దాయము 50,000 గంటల వరకు చెప్పుదురు, ఉదయమున మెల్లగా వెలిగి, సాయంకాలమున మెల్లగా మలగునట్లు అమర్చవచ్చును, పాదరసము లేదు.

దీని లోపమంతయు రూపమునందే యున్నది. చిన్న చిన్న చుక్కలవంటి దీపములు అనేకము గుమిగూడి యుండుటచే ఒక్కొక్క చుక్క ఒక్కొక్క నీడ వేయును. చవుకబారు వాటిలో ఒకచోట కాంతి అధికమై పగడమును మాడ్చగా, జానెడు దూరమున అది చాలక ఎండబెట్టును. ఎన్నియో మీటలుండుట వలన తెలియనివారు తమ కంటికింపైన రంగును పెట్టుదురు. అది పగడమున కింపుగా నుండకపోవచ్చును. పలుచని తెరలు గలిగి వెడల్పుగా నుండు మేలురకములలో ఈ లోపము చాలవరకు తొలగినది గాని, వాటి వెల యెక్కువ.

ఖర్చు, వేడి, నీరు

ఒక ఉదాహరణ చూతము. 250 వాట్ల మెటల్ హేలైడ్ దీపము, దాని చోక్ తిను విద్యుత్తుతో కలిపి సుమారు 275 వాట్లగును. దినమునకు 8 గంటలు వెలిగించినచో 2.2 యూనిట్లు, నెలకు 66 యూనిట్లు. ఆ స్థానమున 120 వాట్ల ఎల్.ఇ.డి.ని పెట్టినచో నెలకు ఇంచుమించు 29 యూనిట్లు. మెటల్ హేలైడ్ బల్బు మాడిపోకున్నను రంగు మారిపోవును గనుక ఏటేట మార్చవలెను. మార్చిననాడు క్రొత్తబల్బు తీక్షణతకు పగడములు బెదరకుండ దీపమును కొన్ని దినములు ఎత్తున నుంచి, మెల్లగా దింపవలెను.

అసలు చిక్కు వేడి. మెటల్ హేలైడ్ తన వేడిని వెలుగుతోపాటు నీటిమీదికే పంపును; ఎల్.ఇ.డి. వేడి వెనుకనున్న లోహపు రెక్కలకు పోవుటచే ఫ్యానుతో దానిని తరుమవచ్చును. పగడపు తొట్టి నీరు 24 మొదలు 27 డిగ్రీల నడుమ నుండుట మేలు. మన ధర్మపురి జిల్లాలో వేసవి మధ్యాహ్నము గదివేడియే 35 డిగ్రీలు దాటును. అట్టి గదిలో మెటల్ హేలైడ్ వెలిగించినచో నీటిని చల్లబరచు యంత్రము తప్పదు. దాని విద్యుత్తు వేఱు.

వేడి పెరిగినకొలది నీరు ఆవిరియగును. ఆవిరి పోవును గాని ఉప్పు పోదు. తగ్గినంత మంచినీటిని నిత్యమును పోయవలెను. మన జిల్లా భూగర్భజలములందు ఫ్లోరైడు అధికమనియు, అందుచే హొగేనకల్ కావేరీజలముల పథకము వచ్చినదనియు తల్లిదండ్రులందరును ఎరుగుదురు. బోరునీటిని పోసినచో అందులోని లవణములన్నియు తొట్టిలో దినదినమును పోగగును. కావున శుద్ధిచేసిన నీరే కావలెను.

కరెంటు పోయినప్పటి సంగతి మరియొకటి. వేడిమీదనున్న మెటల్ హేలైడ్ దీపము ఆరినచో, కరెంటు తిరిగి వచ్చినను చల్లారువరకు, సుమారు పది పదిహేను నిమిషములు, మరల వెలుగదు. దానిముందు గాజుపలక లేకున్న అతినీలలోహిత కిరణములు కంటికిని పగడమునకును హాని చేయగలవు. మాడిన బల్బును పాదరసము కారణముగా చెత్తకుండిలో వేయరాదు.

ఏది యెన్నదగినది?

తొట్టి లోతుగా నుండి, వెలుగు మిక్కిలి కోరు కొమ్మపగడములు అందుండి, గది చల్లనిదై, కరెంటు నిలుకడగా నున్నచోట మెటల్ హేలైడును ఎన్నుకొనుట పాతదానిమీది మమకారము కాదు, సహేతుకమైన నిర్ణయమే. శీతలదేశములందు ఆ వేడియే యొక లాభము. విదేశములందున్న మన బంధువులలో ఎవరైన దీనిని కోరినచో వెఱ్ఱి యనరాదు. ఉష్ణదేశములందు తొట్టి చిన్నదైనను, గది వేడిదైనను, వెడల్పైన మేలురకపు ఎల్.ఇ.డి.యే తగినది. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ నగరమున 1987లో నెలకొల్పిన పెద్ద అక్వేరియములో పగడములకు ఆకాశపు వెలుగునే అమర్చిరి. సూర్యునితో సరివచ్చు దీపము నేటికిని లేదు. దీపమునకు పాత క్రొత్త లనునవి గుణములు కావు. ఎవరి నిమిత్తము వెలిగించుచున్నామో ఆ ప్రాణి అవసరమే గీటురాయి.

చట్టము మాట

మన దేశమున దీపముకంటె ముందు ఆలోచింపవలసినది చట్టము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టు గట్టి పగడములను 2001లో చేర్చిరి. పులికి గల రక్షణ వంటిదే వీటికిని గలదు. సముద్రమునుండి వీటిని తీయుటయు, అమ్ముటయు, ఇంట నుంచుకొనుటయు నేరము. అంగడివాడు "ఏమియు కాదు" అన్నను నమ్మరాదు. తూత్తుకుడి తీరమున పరిశోధకులు చెడిన దిబ్బలపై పగడపు ముక్కలను నాటి బ్రతికించుటకు సంవత్సరముల తరబడి శ్రమించుచుండగా, మనము వాటిని ఇంటి ముచ్చటకై తెచ్చి చంపుట తగదు.

అయినను పిల్లవాని కుతూహలమును చల్లార్చ నక్కరలేదు. చెరువులో దొరకు హైడ్రిల్లా మొక్కను ఒక గాజుపాత్రలో నుంచి, ఎదుట ఒక ఎల్.ఇ.డి. బల్బును పెట్టి, నిమిషమునకు ఎన్ని బుడగలు పైకి వచ్చునో లెక్కింపుమనుడు. బల్బును రెట్టింపు దూరమునకు జరిపించి మరల లెక్కింపుమనుడు. వెలుగు నాలుగవవంతునకు తగ్గుటయు, దానితో బుడగలు తగ్గుటయు వాడే కనిపెట్టును. తరువాత నాలుగు మంచినీటి చేపలను, నాలుగు నీటిమొక్కలను చిన్న తొట్టిలో పెంచనిండు; దానికి మామూలు ఎల్.ఇ.డి. దీపము చాలును. సెలవులలో వీలైనప్పుడు రామేశ్వరయాత్రకు పోయినచో, సేతువు దాటునప్పుడు ఆ నీలిజలముల క్రింద పగడములు సూర్యుని వెలుగును తిని బ్రతుకుచున్నవని వానికి చెప్పుడు. ఉంగరములోని పగడముకంటె ఆ పగడమే వాని మనస్సున ఎక్కువకాలము నిలుచును.