బడికి రెండో నెట్ ఎవరి దగ్గర తీసుకుందాం?

స్కాలర్‌షిప్ దరఖాస్తులకు ఆఖరి రోజు. యూడైస్‌లో పిల్లల వివరాలు ఎక్కించే గడువు. పక్క ఊరి బడిలోని తెలుగు మాస్టారు వీడియోలో పాఠం చెప్పే గంట. నెట్ పోయేది సరిగ్గా అప్పుడేనని మన బడుల్లో ఎవరిని అడిగినా చెబుతారు. సోలాపూర్‌లో అడిగినా, బళ్లారిలో అడిగినా, బరంపురంలో అడిగినా ఇదే మాట. తెలుగు టీచరు పోస్టు ఖాళీగా ఉండి, ఒకే మాస్టారు రెండు మూడు బడులకు ఆన్‌లైన్‌లో చెబుతున్న చోట నెట్ పోయిందంటే ఆ పూట తెలుగు క్లాసు పోయినట్టే. లెక్కలకో సైన్సుకో అయితే పక్క గదిలోంచి ఎవరో ఒకరు వచ్చి పాఠం అందుకుంటారు. తెలుగుకు ఆ వీలు లేదు.

అందుకే రెండో కనెక్షన్ సంగతి తల్లిదండ్రుల సమావేశాల్లో చర్చకు వస్తోంది. ఆ చర్చ ఎప్పుడూ రెండు ప్రశ్నలతో మొదలవుతుంది: ఏ కంపెనీది, ఎంత స్పీడు? మేమైతే ఆ రెండింటినీ కాసేపు పక్కన పెట్టమంటాం. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇప్పుడున్న లైను పోయినప్పుడు కొత్తది కూడా దాంతోపాటే పోతుందా?

ఇది ఎందుకు అడగాలో తెలియాలంటే నెట్ మన దాకా ఎలా వస్తుందో కొంచెం చూడాలి. వీధిలో కేబుల్ ఆయన ఇచ్చే నెట్ ఆయన పండించిన సరుకు కాదు. పైనున్న పెద్ద సంస్థ దగ్గర టోకున కొని మనకు చిల్లరగా అమ్ముతారు. ఆ టోకు సరుకునే ఈ రంగంలో ట్రాన్సిట్ అంటారు. ఊళ్లో నలుగురు చిల్లర వర్తకులున్నా, నలుగురూ ఒకే టోకు కొట్టులో కొంటున్నారనుకోండి. ఆ కొట్టు మూతపడిన రోజున నలుగురి దగ్గరా సరుకుండదు. నెట్‌లో జరిగేదీ ఇదే. పేర్లు వేరు, రంగు రంగుల బోర్డులు వేరు, పైన ఉన్నది మాత్రం ఒకటే కావచ్చు.

రెండో చిక్కు తీగది. మేము చూసిన ఒక బడిలో రెండు కంపెనీలకు నెలనెలా బిల్లు కడుతున్నారు. రెండు తీగలూ ఒకే స్తంభం మీదుగా వచ్చి, ఒకే కిటికీ సందులోంచి లోపలికి దూరుతున్నాయి. డ్రైనేజీ పనికి వచ్చిన జేసీబీ ఆ స్తంభానికి తగిలింది. రెండు కనెక్షన్లూ ఒక్క క్షణంలో పోయాయి. రెండింతల ఖర్చుకు మిగిలింది రెండు కస్టమర్ కేర్ నంబర్లు!

కాబట్టి కొత్త కంపెనీ మనిషి వచ్చినప్పుడు ధరల కాగితం చూడకముందే ఆయనతో కలిసి బయటికి నడవండి. తీగ ఏ వీధి నుంచి వస్తుంది, ఏ స్తంభాలెక్కుతుంది, వాళ్ల పెట్టె ఎక్కడుంది, అక్కడ కరెంటు పోతే బ్యాటరీ ఉందా? పాతది ముందు గేటు వైపు నుంచి వస్తుంటే, కొత్తది వెనక వీధి నుంచి తెమ్మనండి. తీగ కొంచెం ఎక్కువ పట్టినా ఫరవాలేదు. మన బడులు చాలావరకు సరిహద్దు ఊళ్లలో ఉండటం ఇక్కడ కలిసివచ్చే సంగతి. హోసూరు బెంగళూరుకు 40 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అక్కడ ఒక లైను చెన్నై వైపు నుంచి వస్తుంటే రెండోది బెంగళూరు వైపు నుంచి వచ్చేదేమో అడిగి చూడాలి. పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాంకు టెలిఫోన్ కోడ్ కాకినాడదే, 0884. పరిపాలన గీత ఒకలా ఉంటే తీగల గీత ఇంకోలా ఉంటుందనడానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

అయితే రెండు దిక్కులున్నా చాలని రోజులూ ఉంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి శ్రీకాకుళం జిల్లానూ, అవతల గజపతి జిల్లానూ ఒకేసారి దెబ్బతీసింది. పర్లాకిమిడిలో ఉన్న బడికి అటు బరంపురం వైపు లైను, ఇటు పాతపట్నం వైపు లైను ఉన్నా అలాంటి రోజున ఏం లాభం? తీర ప్రాంత బడులు ఏ కంపెనీ మాటనూ నమ్ముకోకుండా దీక్షా యాప్‌లోని తెలుగు పాఠాలను ముందే ఫోన్లలోకి దించి పెట్టుకోవడం మేలు. ఆ యాప్‌లో దించుకున్న పాఠం నెట్ లేకున్నా తెరుచుకుంటుంది.

ఇక పైనున్న టోకు వర్తకుడెవరో కనుక్కోవడం. కంపెనీని అడిగితే చాలాసార్లు నవ్వి ఊరుకుంటారు. కంప్యూటర్ టీచరుకు ఇది పది నిమిషాల పని. విండోస్‌లో ట్రేసర్ట్ అనే ఆదేశం ఉంది. దాని పక్కన ఏదైనా సైటు పేరు రాసి కొడితే, మన దగ్గర నుంచి అక్కడికి మధ్యలో తగిలే మజిలీలన్నీ వరసగా వస్తాయి. రైలు ఆగే స్టేషన్ల పట్టీ లాంటిదే. పాత లైను మీద ఒకసారి, కొత్త కంపెనీ ట్రయల్ ఇచ్చినప్పుడు ఒకసారి నాలుగైదు సైట్లకు కొట్టి రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టండి. మూడో మజిలీ నుంచి రెండింట్లోనూ అవే పేర్లు వస్తుంటే ఆ కొత్త కనెక్షన్ మనకు రెండోది కాదు, మొదటిదానికే ఇంకో బిల్లు. పెద్ద నెట్‌వర్కులకు ఒక్కోదానికి ఒక నంబరు ఉంటుంది: బీఎస్ఎన్ఎల్‌కు 9829, ఎయిర్‌టెల్‌కు 9498, టాటా కమ్యూనికేషన్స్‌కు 4755, జియోకు 55836. మజిలీల చిరునామాలు ఏ నంబరు కిందికి వస్తాయో చూపే ఉచిత సైట్లున్నాయి. తొమ్మిది, పదో తరగతి పిల్లల చేతికే ఈ పని ఇవ్వండి, ఉత్సాహంగా చేస్తారు.

ఆ పట్టీలోనే ప్రతి మజిలీ పక్కన మిల్లీసెకన్ల లెక్క ఉంటుంది. చెన్నై నుంచి సింగపూర్‌కు తీగ మీద వెళ్లి రావడానికే దాదాపు 30 మిల్లీసెకన్లు పడుతుంది. సర్వరు మన దేశంలోనే ఉన్న సైటుకు వెళ్లే దారిలో అంకె ఒక్కసారిగా వంద దాటితే, మన పాఠం విదేశం చుట్టి వస్తోందని అనుమానించవచ్చు. దేశంలోని నెట్ రాకపోకలు దేశంలోనే సాగాలని 2003లో నిక్సీ అనే సంస్థను పెట్టారు. ముంబయి, చెన్నై లాంటి నగరాల్లో కంపెనీలు ఒకరితో ఒకరు కలుసుకునే కూడళ్లను అది నడుపుతుంది. మీరు ఏ కూడలిలో కలుస్తారని కొత్త కంపెనీని అడగడంలో తప్పేమీ లేదు.

సముద్రం అడుగు తీగల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాం. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర తీగలు తెగినప్పుడు మన దేశంలోనూ నెట్ కుంటుపడింది. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో జెడ్డా దగ్గర మళ్లీ అదే జరిగింది. పడమర దారి మూసుకుపోతే చెన్నై నుంచి సింగపూర్ వైపు తూర్పు దారి ఉన్నవాళ్లు కొంత నెట్టుకొస్తారు. బడి స్థాయిలో ఇంత లోతుకు పోనక్కర్లేదు గానీ, కాలేజీ కూడా నడిపే పెద్ద సొసైటీలు అడగాలి.

స్పీడు ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. వీడియో క్లాసు ఒకదానికి సెకనుకు 2, 3 మెగాబిట్లు సరిపోతాయి. మూడు గదుల్లో ఒకేసారి నడిచినా పది దాటదు. అత్యవసరానికి పెట్టుకునే లైనుకు 300 మెగాబిట్ల ప్లాను దండగ. పాఠం చెప్పే మాస్టారు ఉన్న బడిలో మాత్రం పైకి పంపే వేగం ఎంతో విడిగా అడగాలి. ధర మీద 18 శాతం జీఎస్టీ పడుతుందని కమిటీకి ముందే చెబితే తర్వాత గొడవ ఉండదు. ఏడాది డబ్బు ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు. మొదటి మూడు నెలలూ నెలవారీగానే కట్టండి. ఫిర్యాదు చేస్తే ఎన్ని గంటల్లో బాగుచేస్తారో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వర్షాకాలం దాకా నిలవదు.

సీసీ కెమెరాలను బయటి నుంచి చూడాలన్నా, బడికి సొంత సర్వరు ఉన్నా ఇంకోటి గమనించాలి. రౌటరుకు వచ్చే చిరునామా 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే అది చాలామందికి కలిపి ఇచ్చే ఉమ్మడి చిరునామా. దాంతో బయటి నుంచి లోపలికి నేరుగా దారి ఉండదు. స్థిర చిరునామాకు అదనంగా కట్టాలేమో ముందే తేల్చుకోండి.

రెండో తీగ దొరకని ఊళ్లలో 4జీ సిమ్ పెట్టే రౌటరు నయమే. కాకపోతే తీగ ఏ కంపెనీదో సిమ్ ఆ కంపెనీది కాకూడదు. టవరుకు కూడా చాలాచోట్ల నేల మీది ఫైబరే ఆధారం.

అయిదారు బడులు, ఒక కాలేజీ కలిపి సొంత నెట్‌వర్కు నడిపే సొసైటీలకు ఇంకో మెట్టు ఉంది. నిక్సీ కిందే ఉన్న ఇరిన్ అనే విభాగం దగ్గర సొంత చిరునామాలు, సొంత నెట్‌వర్కు నంబరు తీసుకోవచ్చు. అప్పుడు బీజీపీ అనే పద్ధతిలో ఇద్దరు ట్రాన్సిట్ కంపెనీలకూ మన చిరునామాలు ప్రకటించి, ఒకరు పడిపోతే రెండోవారి ద్వారా దారి దానంతటదే మారేలా చేసుకోవచ్చు. ప్రకటించడానికి కనీసం 256 చిరునామాల గుంపు ఉండాలి. మామూలు ఇంటి ప్లాన్ల మీద ఇది కుదరదు, లీజు లైను కావాలి. పని తెలిసిన ఇంజనీరు ఒకరు శాశ్వతంగా ఉంటే తప్ప దీని జోలికి పోవద్దనే మా సలహా.

మామూలు బడికి రెండు లైన్లు పట్టే రౌటరు చాలు. దాన్ని అమర్చేటప్పుడు చాలాచోట్ల ఒకటి మరిచిపోతారు. గోడ మీది పెట్టెలో పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, పైన ఎక్కడో దారి తెగి ఉంటుంది. రౌటరు ఆ లైటును నమ్మి కూర్చుంటుంది. అలా కాకుండా బయటి చిరునామా ఒకటి ఇచ్చి, అది పలకకపోతే రెండో లైనుకు మారేలా పెట్టించాలి. రౌటరునూ, రెండు పెట్టెలనూ ఇన్వర్టరుకు కలపాలి. నెట్ పోయిందని చేసే ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి కరెంటువే.

అంతా పెట్టాక ఒక శనివారం మధ్యాహ్నం, క్లాసులయ్యాక మొదటి లైను తీగ పీకి చూడండి. ఎన్ని నిమిషాల్లో రెండోది అందుకుందో గోడమీద రాయండి. నెలకోసారి ఇలా చూస్తుంటే, వాడకుండా ఉన్న లైను ఎప్పుడో చచ్చిపోయిందన్న సంగతి దరఖాస్తుల ఆఖరి రోజుకు ముందే తెలుస్తుంది.