ప్రకృతి ఛాయాచిత్రాలు - సద్విమర్శ

ఫోటో చూపించినవాడికి మనం ఇచ్చే సమాధానం చాలాసార్లు ఒకే ఒక్క మాట: "బాగుంది." సినిమా ఎందుకు బాగోలేదో పది కారణాలు చెప్పగల విద్యార్థి మిత్రులే, స్నేహితుడు తీసిన కొండ ఫోటో చేతికిస్తే రెండు క్షణాలు చూసి "సూపర్ రా" అని తిరిగిచ్చేస్తారు. అతగాడూ సంతోషిస్తాడు. వచ్చే ఆదివారం అదే కొండకి వెళ్లి, అదే చోట నిలబడి, అదే ఫోటో మళ్లీ తీసుకొస్తాడు. ఇంకో రకం వాళ్లున్నారు: "ఇదేం ఫోటో? ఫోనుతో తీశావా?" అనేవాళ్లు. ఈ ఒక్క మాట విని ఫోటోలు తేవడం మానేసిన జూనియర్ అమ్మాయి ఒకామె నాకు తెలుసు. మంచి కన్ను ఆమెది. ఆ మాట అన్నవాడికి అన్నట్టు కూడా గుర్తులేదు.

మూడేళ్లుగా మేం ఏడెనిమిది మందిమి నెలకోసారి కూర్చుని ఒకరి ఫోటోలు ఒకరం చూసుకుంటున్నాం. దానికో పేరు లేదు, చందా లేదు. టీ ఖర్చు మాత్రం ఫోటో చూపించినవాళ్లది. పువ్వులు, పిట్టలు, పెళ్లిళ్లు అన్నీ వస్తాయి గాని, మాకు ఎక్కువ గొడవలొచ్చేది కొండలు, సముద్రం, పొలాల ఫోటోల దగ్గరే. ఎందుకో చెబుతాను.

మనిషి ఫోటోలో తప్పుంటే ఎవరికైనా తెలుస్తుంది. కళ్లు మూసుకుపోయాయనో, తల తెగిపోయిందనో చెప్పేస్తారు. ప్రకృతి దృశ్యంలో అలా కాదు. తీసినవాడు చీకట్లో వంజంగి కొండ ఎక్కి ఉంటాడు, చలికి వణికి ఉంటాడు. తెల్లవారేసరికి కాళ్ల కింద పొగమంచు సముద్రంలా పరుచుకోవడం చూసి ఉంటాడు. ఆ ఫోటో చూసినప్పుడల్లా అతనికి ఆ చలీ, ఆ నడకా గుర్తొస్తాయి. మనకి రావు. మన ముందున్నది బూడిదరంగు కాగితం! తీసినవాడు ఫోటోలో లేనిది కూడా చూస్తాడు, తీయనివాడు ఉన్నదే చూస్తాడు. ఇతరుల కళ్లు అవసరమయ్యేది ఇందుకే.

బూడిదరంగు అన్నాను కదా, దానికీ కారణం ఉంది. కెమెరాలోని మీటరు ఎదురుగా ఉన్నదంతా ఓ మోస్తరు వెలుగుదే అనుకుని లెక్క కడుతుంది. ఫ్రేము నిండా తెల్లటి మంచు ఉంటే దాన్ని కూడా మధ్యస్థానికి దించేస్తుంది. ఎక్స్‌పోజరు కాస్త పెంచితే మంచు మళ్లీ తెల్లబడుతుంది. "డల్‌గా ఉంది" అనేవాడు పది మందిలో తొమ్మిదిమంది ఉంటారు. "ఒక స్టాపు పెంచి చూడు" అనే పదోవాడే నాకు కావలసినవాడు. కొండలు చిన్నబోవడమూ అంతే. మనం రెండు కళ్లతో లోతు చూస్తాం, కళ్లు కొండ మీదే నిలుపుతాం. ఫోను మామూలు లెన్సు సుమారు 24 నుంచి 26 మిల్లీమీటర్ల వైడ్ లెన్సుతో సమానం. అది ఆకాశమూ ముందున్న నేలా అంతా లోపలికి లాక్కుని, దూరపు కొండని పుట్టంత చేస్తుంది. "కొండ పడలేదు" అని ఊరుకుంటే ఏం లాభం? దగ్గరికి చూపే లెన్సు వాడమనాలి, లేదా ముందు భాగంలో కంటికి ఆసరాగా ఏదైనా పెట్టుకోమనాలి.

ఇలా ఒకరికొకరు చూపించుకోవడం మనం కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో ఫోటో సరదా ఉన్నవాళ్లు చిన్న చిన్న జట్లుగా చేరి, ప్రింట్లన్నీ ఒక పెట్టెలో పెట్టి పోస్టులో తిప్పుకునేవారు. పెట్టె వచ్చినవాడు అందరి ప్రింట్లూ చూసి, ఒక్కోదాని మీద తన అభిప్రాయం రాసి, తన పాత ప్రింటు తీసుకుని కొత్తది పెట్టి తరవాతి ఊరికి పంపేవాడు. పెట్టె తిరిగొచ్చేదాకా ఓపిక పట్టాలి. రాతలో చెప్పాలి కాబట్టి "సూపర్" అని తప్పించుకోవడం అక్కడ కుదరదు!

పేరుమోసినవాళ్లు కూడా ఒక చిత్రాన్ని ఒక్కసారితో వదిలిపెట్టలేదు. అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయాన్ని తీశాడు. ఆ ఒక్క నెగెటివ్ నుంచి దశాబ్దాల తరబడి ప్రింట్లు చేస్తూనే వచ్చాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బు తెరలు కనబడతాయి. తరవాతి ప్రింట్లలో ఆకాశం దాదాపు నల్లబడి చంద్రుడు ఒంటరిగా నిలుస్తాడు. నెగెటివ్ అదే, చూపు మారింది.

ఇక మా దగ్గర జరిగిన ఒక చర్చ చెబుతాను. విశాఖ నుంచి భీమిలి వెళ్లే తీరంలో ఎర్రమట్టి దిబ్బలు మనవాళ్లందరూ చూసినవే. ఇసుక రేణువులకి ఇనుము ఆక్సైడు పూత పట్టడం వల్ల ఆ ఎరుపు. వాన నీళ్లు కోసిన లోతైన దారులు వాటి ప్రత్యేకత. 2025లో యునెస్కో వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. మాలో ఒకమ్మాయి అక్కడ తీసిన ఫోటో తెచ్చింది. మా పద్ధతి ప్రకారం తీసినవాళ్లు మొదటి అయిదు నిమిషాలు నోరు విప్పకూడదు. చూసేవాళ్లు ముందు కన్ను ఎక్కడికి వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఎక్కణ్ణుంచి బయటికి జారిపోయింది, అంతే చెప్పాలి. తీర్పులు తరవాత.

నలుగురం ఒకే మాట చెప్పాం. కన్ను పైనున్న తెల్లటి ఆకాశానికి పోయి అక్కడే ఉండిపోతోంది, దిబ్బలు చదునుగా గోడలా ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో అది. ఎండ నడినెత్తిన ఉంటే కోతల్లో నీడ పడదు, నీడ లేనిదే లోతు తెలియదు. పొద్దున సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు, సాయంత్రం కొండల వైపు దిగుతాడు. ఆ రెండు వేళల్లోనూ వెలుగు పక్కనుంచి తగిలి ప్రతి గాడీ లేచి నిలబడుతుంది. రంగు కూడా తేలిపోయింది. ఫ్రేమంతా ఎరుపే ఉంటే కెమెరా తనంతట తానే దాన్ని తగ్గించి చూపిస్తుంది. వైట్ బ్యాలెన్సుని ఆటోలో వదలకుండా ఎండకి పెట్టమన్నాం.

ఇంతవరకూ పేచీ లేదు. అప్పుడొకడు "ఇవన్నీ ఎందుకండీ, ఎడిటింగులో ఎరుపు లాగితే పోలా!" అన్నాడు. మా జట్టులో జియాలజీ ఎమ్మెస్సీ చదివే ఆయన ఒకడున్నాడు, కెమెరా పట్టుకోడు, టీ కోసం వస్తాడు. ఆయనకి కోపం వచ్చింది. "వానకి ఏటేటా కోతకొచ్చే చోటు అది. పాతికేళ్ల తరవాత ఎవరైనా ఈ ఫోటో పట్టుకుని అప్పుడిలా ఉండేది అంటే, ఆ రంగు నిజంగా అక్కడిదై ఉండాలి" అన్నాడు. గంట సేపు వాదులాడుకున్నాం. నా మటుకు నేను ఆయన పక్షమే. గోడకి తగిలించుకునే బొమ్మకి ఎంత రంగైనా వేసుకో, ఊరి పేరూ తేదీ వేసి చూపించేదానికి మాత్రం హద్దుంది. పైగా ఎరుపు అదే పనిగా పెంచితే నీడల్లోని చిన్న తేడాలు చెరిగిపోయి కోతలన్నీ ఒకే ముద్దయిపోతాయి. అంటే ఏది చూపించాలని వెళ్లామో అదే పోతుంది.

వెళ్తూ వెళ్తూ ఆయన ఇంకో మాటన్నాడు: "దీనికి స్కేలేదీ? ఈ కోత మోకాలి లోతో తాటిచెట్టు లోతో ఎలా తెలుస్తుంది?" రాళ్ల ఫోటోలో సుత్తో నాణెమో పెట్టడం వాళ్ల అలవాటు. ఆ రోజు అందరికన్నా పనికొచ్చిన మాట అదే. అన్నవాడు కెమెరా పట్టనివాడు! అందుకే కెమెరా తెలిసినవాళ్లకే చూపిస్తానంటే నేనొప్పుకోను. తెలిసినవాళ్లతో ఓ ఇబ్బంది కూడా ఉంది. "మూడో వంతు సూత్రం" అని మంత్రం పట్టుకుని ప్రతి ఫోటో మీదా గీతలు గీస్తారు. నిలకడ నీటిలో కొండ నీడ పడ్డ చెరువుని మధ్యలో సగానికి కోస్తేనే అందం కొన్నిసార్లు. సూత్రం చెప్పేవాణ్ణి "ఈ ఫోటోలో అది ఎందుకు?" అని అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి.

అడిగేవాళ్లకీ కొంత బాధ్యత ఉంది. "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే వస్తుంది. "ముందున్న రాయి అడ్డమా, ఆసరానా?" అని అడిగి చూడండి. ఒకే చోట తీసిన మూడు నాలుగు ఫ్రేములు తెండి, మీరు పక్కన పెట్టేసినదే ఎవరికైనా నచ్చవచ్చు. మేం పాత శుభలేఖల అట్టని ఎల్ ఆకారంలో రెండు ముక్కలు కోసి ఉంచుకున్నాం. వాటిని ప్రింటు మీద జరుపుతూ ఎంత తీసేయొచ్చో చేత్తోనే చూపిస్తాం, వాదన సగం తగ్గిపోతుంది. ఫోటోని తలకిందులు చేసి చూడటం కూడా మంచి ఉపాయమే. కొండా చెట్టూ అన్న పేర్లు మరచిపోయి, నలుపూ తెలుపూ ఎక్కడ బరువుగా ఉన్నాయో తెలుస్తుంది.

ముందుగా చూడమని పంపేవాళ్లు వాట్సాప్‌లో మామూలుగా పంపకండి. అది ఫోటోని కుదించి సన్న వివరాలు తినేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది. ఫోను తెర వెలుగు పూర్తిగా పెంచుకుని చూసి ప్రింటు వేయిస్తే చీకటిగా వస్తుంది. పోస్టుకార్డు సైజు ప్రింటైనా చాలు, చేతులు మారుతుంటే జనం కాస్త ఎక్కువ సేపు చూస్తారు.

ఆ అమ్మాయి మరో మూడుసార్లు దిబ్బలకి వెళ్లింది. నాలుగో ప్రింటులో పొద్దుటి వెలుగుంది, కోతలన్నీ లేచి కనబడుతున్నాయి, అడుగున తెల్ల చొక్కాతో వాళ్ల తమ్ముడు వేలెడంత నిలబడి ఉన్నాడు. తమ్ముడు లేని ప్రింటు కూడా పక్కనే పెట్టింది. మాలో నలుగురు మొదటిదన్నారు, ముగ్గురు రెండోదన్నారు. ఆమె తమ్ముడు లేనిదే పెద్దది వేయించుకుంది. జియాలజీ ఆయన ఇంకా అలిగే ఉన్నాడు.