ఆదివారం ఆదికాండం, సోమవారం జియాలజీ: కడప రాళ్లు ఏం చెప్తున్నాయి?

కడప నుంచి మాట్లాడుతున్నా. కామెంట్లలో మీరు చాలాసార్లు అడిగిన టాపిక్ ఇది: బైబిల్‌కీ సైన్స్‌కీ పొత్తు కుదురుతుందా, కుదరదా? ఎవరి విశ్వాసాన్నీ ఎగతాళి చేయడానికి రాలేదు. అట్లని గట్టిగా తెలిసిన విషయాన్ని మెత్తగా చెప్పి తప్పించుకోను కూడా. చివరిదాకా ఉండండి.

ముందు ఆ ఫార్వర్డ్ సంగతి

మీ అందరి ఫోన్‌కీ ఒక్కసారైనా వచ్చుంటుంది. నాసా కంప్యూటర్లు గ్రహాల స్థానాల్ని వెనక్కి లెక్కేస్తుంటే ఒక రోజు తక్కువొచ్చిందట. బైబిల్ తెరిచి చూస్తే యెహోషువ గ్రంథం 10వ అధ్యాయంలో సూర్యుడు ఆగిన రోజు దొరికిందట. సైంటిస్టులు నోరెళ్లబెట్టారట.

ఇది జరగలేదని నాసానే చెప్పింది. ఇంకో సంగతి చూడండి. నాసా పుట్టింది 1958లో. ఈ "పోయిన రోజు" కథ 1936లోనే హ్యారీ రిమ్మర్ అనే అమెరికన్ రచయిత పుస్తకంలో ఉంది. అంటే కథ పాతది, కంప్యూటర్ తర్వాత అతికించారు.

కోడ్ రాసినవాడిగా ఒక మాట. డేటాబేస్‌లో ఒక రో మిస్సయిందని ఎప్పుడు తెలుస్తుంది? మొత్తం ఎన్ని రోలు ఉండాలో వేరేచోట రాసి ఉంటేనే. గ్రహాల లెక్క కూడా అంతే. ఈరోజు స్థానం తీసుకుని ఫార్ములాతో వెనక్కి పోతే ఆ ఫార్ములా ఆగకుండా పోతానే ఉంటుంది. మధ్యలో ఒక రోజు ఆగిందో లేదో దానికి తెలియదు. యెహోషువ కాలానికి ముందే ఎవరైనా తేదీతో సహా గ్రహణాన్ని రాసిపెట్టి ఉంటే, అప్పుడు పోల్చి చూడొచ్చు. ఫార్వర్డ్‌లో అట్లాంటి రికార్డు ఊసే లేదు. కాబట్టి ఆ కథ జరగలేదు అనే కాదు, చెప్పిన పద్ధతిలో జరిగే వీలు కూడా లేదు.

వచనంలో సైన్స్ వెతకడం

రెండో రకం మెసేజ్: "భూమి ఏ ఆధారం లేకుండా వేలాడుతోందని యోబు గ్రంథం ఎప్పుడో చెప్పింది, న్యూటన్ తర్వాత చెప్పాడు." నిజమే, 26వ అధ్యాయంలో ఆ భావం ఉంది. కానీ అదే యోబు గ్రంథం 9వ అధ్యాయంలో భూమికి స్తంభాలున్నట్టు, అవి కదిలినట్టు కూడా ఉంది. ఒకటి తీసుకుని సైన్స్ అనేసి, రెండోది వచ్చేసరికి "అది కవిత్వంలే" అంటే ఎట్ల? రెండూ కవిత్వమే. యోబు గ్రంథం బాధ గురించీ న్యాయం గురించీ మాట్లాడుతుంది, ఫిజిక్స్ గురించి కాదు. దాన్ని ఫిజిక్స్ నోట్స్‌గా మారిస్తే సైన్స్‌కి లాభం లేదు, యోబుకీ న్యాయం జరగదు.

ఇప్పుడు మన రాళ్లు

మన ఊరి పేరు ప్రపంచ జియాలజీ పుస్తకాల్లో ఉంది, తెలుసా? 1872లో విలియం కింగ్ అనే జియలాజికల్ సర్వే అధికారి ఇక్కడి రాతి పొరల మీద పెద్ద రిపోర్టు రాశాడు. ఇప్పటికీ ఆ పొరల్ని కడప, కర్నూలు పేర్లతోనే పిలుస్తారు. కడప పొరల మందం మొత్తం కలిపితే దాదాపు 12 కిలోమీటర్లు అంటారు. గండికోటలో పెన్నా నది కోసిన లోయలో కనిపించేది అందులో చిన్న ముక్క.

వేంపల్లె దగ్గర సున్నపురాళ్లలో ఉల్లిపాయ కోసినట్టు గుండ్రంగా, పొర మీద పొరగా గుర్తులు కనిపిస్తాయి. వాటి పేరు స్ట్రొమటొలైట్లు. లోతు తక్కువ నీళ్లలో, ఎండ తగిలేచోట, కంటికి కనపడని సూక్ష్మజీవులు చాప పరిచినట్టు పెరిగి, వాటి మీద బురద పడి, మళ్లీ పైన పెరిగి, మెల్లగా కట్టిన పొరలవి. ఇట్లాంటివి ఆస్ట్రేలియాలో షార్క్ బే దగ్గర ఇప్పటికీ బతికే ఉన్నాయి.

వయసెంత? పులివెందుల దగ్గర ఒకప్పుడు కరిగిన శిలాద్రవం కిందినుంచి వచ్చి, అప్పటికే ఉన్న పొరల మధ్యకి దూరి గట్టిపడింది. దాన్ని సిల్ అంటారు. ఆ సిల్ దూరిన పొరలు వేంపల్లె సున్నపురాయి కంటే పైన ఉంటాయి. అంటే ముందు వేంపల్లె రాయి, తర్వాత పై పొరలు, ఆ తర్వాత సిల్. కాబట్టి సిల్ వయసు దొరికితే, స్ట్రొమటొలైట్లు అంతకంటే పాతవని తేలిపోతుంది.

ఆ సిల్‌లో బాడెలైట్ అనే ఖనిజం ఉంది. అది గట్టిపడేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. తర్వాత యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది. లోపల ఎంత సీసం చేరిందో కొలిస్తే ఎంత కాలమైందో తెలుస్తుంది. అట్ల కొలిస్తే వచ్చిన వయసు దాదాపు 188.5 కోట్ల సంవత్సరాలు.

"మధ్యలో ఆ స్పీడు మారి ఉంటే?" మంచి ప్రశ్న. ఇందులో గడియారం ఒకటి కాదు, రెండు. యురేనియం-238 సగం కరగడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కి సుమారు 70 కోట్ల ఏళ్లు. వేర్వేరు స్పీడుతో నడిచే రెండు సర్వర్ల లాగ్‌లు ఒకే టైమ్ చూపిస్తే మనం నమ్ముతాం కదా? ఇక్కడా అంతే.

"నోవహు జలప్రళయంలో ఈ పొరలన్నీ ఒకేసారి పడ్డాయేమో?" వేంపల్లె పొరల్లో ఎండకి నెర్రెలు విచ్చిన బురద గుర్తులు కూడా ఉన్నాయి. మన చెరువు ఎండినప్పుడు అడుగున చూస్తాం కదా, అట్లాంటివి. ఊరంతా మునిగి ఉన్నప్పుడు చెరువు నెర్రెలు విచ్చదు.

మరి 6,000 ఏళ్లు యాడినుంచి వచ్చింది?

బైబిల్‌లో "భూమి వయసు ఇంత" అని ఎక్కడా లేదు. 1650లో జేమ్స్ అషర్ అనే ఐర్లండ్ ఆర్చ్‌బిషప్ వంశావళుల్లోని ఏళ్లు కూడి, రాజుల చరిత్రలతో పోల్చి, సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందన్నాడు. తర్వాత ఇంగ్లిష్ బైబిళ్ల మార్జిన్లలో ఆ తేదీలు అచ్చయ్యాయి. చదివేవాళ్లకి మార్జిన్ కూడా వాక్యంలాగే అనిపించింది.

అషర్ కంటే 1,200 ఏళ్ల ముందే అగస్టీన్ ఆదికాండం మీద పెద్ద వ్యాఖ్యానం రాశాడు. ఆరు రోజులంటే మామూలు 24 గంటల రోజులే అని ఆయన అనుకోలేదు. సూర్యుడు నాలుగో రోజు కదా వచ్చింది, మరి మొదటి మూడు రోజుల్ని ఎట్ల కొలవాలి అనే ప్రశ్న అప్పటికే ఉంది. ఇంకో హెచ్చరిక కూడా చేశాడు: ఆకాశం గురించీ భూమి గురించీ బాగా తెలిసిన అవిశ్వాసి ముందు క్రైస్తవుడు లేఖనం పేరుతో తప్పులు మాట్లాడితే, పునరుత్థానం గురించి చెప్పేది మాత్రం అతను ఎందుకు నమ్ముతాడు? వాట్సాప్‌కి 1,600 ఏళ్ల ముందు మాట ఇది.

"కింది పొర ముందు, పై పొర తర్వాత" అనే రూల్‌ని 1669లో రాసింది నికొలస్ స్టెనో. తర్వాత ఆయన క్యాథలిక్ బిషప్ అయ్యాడు. ఆయనకి కోట్ల ఏళ్ల సంగతి తెలియదు, జలప్రళయం లెక్కలోనే ఆలోచించాడు. కానీ ఆయన ఇచ్చిన రూలే ఆ లెక్కని దాటిపోయింది. విశ్వం విస్తరిస్తోందని 1927లో లెక్క కట్టిన జార్జ్ లెమెత్ర్ కూడా ఫాదరే. 1951లో పోప్ 12వ పయస్ ఆ సిద్ధాంతం సృష్టికి సాక్ష్యం ఇస్తున్నట్టు మాట్లాడితే, ఆయనకది నచ్చలేదు. తన సిద్ధాంతాన్ని మతం ప్రశ్నకి బయటే ఉంచాలన్నాడు.

మన జిల్లాకే వస్తే, లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు జమ్మలమడుగులో ఆసుపత్రి పెట్టారు. అక్కడ ప్రార్థనా జరిగింది, ఆపరేషనూ జరిగింది. ఒకటి చేస్తే రెండోది మానేయాలని ఎవరూ అనలేదు.

తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ

డిగ్రీలో జియాలజీ చదివే ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. "అన్నా, యూత్ మీటింగ్‌లో రాళ్ల వయసు అబద్ధం అంటారు. క్లాసులో బైబిల్ అబద్ధం అని నవ్వుతారు. పరీక్షలో ఒకటి రాసి, ఇంట్లో ఒకటి చెప్పి, నేనే అబద్ధంలా అయిపోతున్నా."

అమ్మా, రెండు వైపులా నిన్ను ఒకే తప్పు ప్రశ్నలో ఇరికించారు. ఆరు 24 గంటల రోజులు, 6,000 ఏళ్లు అనే చదువుకీ వేంపల్లె రాయికీ రాజీ లేదు. అది నేను దాచను. కానీ ఆ చదువు ఒక్కటే బైబిల్ కాదని అగస్టీన్ చాలు చెప్పడానికి. ఇక క్లాసులో నవ్వేవాళ్లు: యురేనియం గడియారం ఎప్పుడు అనేది చెప్తుంది. దేవుడున్నాడా, క్షమించడం ఎందుకు అనేవి కొలిచే పరికరం కాదది.

అన్ని చిక్కులూ విడిపోయాయి అనను. ఆదాము ఎవరు, మనిషి కంటే ముందే చావు ఉంటే పాపానికీ చావుకీ లింకేంటి, అద్భుతాలు ఎట్ల అనేవి నిజమైన ప్రశ్నలు. క్రైస్తవ పండితులే వాటి మీద ఇప్పటికీ వాదించుకుంటున్నారు. వాటిని మీ పాస్టర్‌గారినీ అడగండి, మీ లెక్చరర్‌నీ అడగండి. అడిగితే విశ్వాసం పోదు, మార్కులూ పోవు.

ఈసారి గండికోట పోయినప్పుడు సెల్ఫీ తర్వాత ఒక్క నిమిషం ఆ లోయ గోడ వైపు చూసి, కింది నుంచి పైకి పొరలు లెక్కపెట్టండి. ఎన్ని కనిపించాయో కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో బెలూం గుహలు ఎట్ల ఏర్పడ్డాయో చూద్దాం. ఉంటా మరి, జాగ్రత్త.